అడుగు వెయ్యని కష్టానికి లెక్కేది?

ఉద్దానంలో నాకు బాబాయి వరసయ్యే ఒకాయన కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపాము దెబ్బతిని నడుం కింద చచ్చుబడింది. కొడుకు హైదరాబాద్ నుంచి స్మార్ట్ వాచీ పంపాడు. ఆటోలో సోంపేట వెళ్లొచ్చిన రోజు చూస్తే అందులో పదిహేను వందల అడుగులు! "కాళ్లు కదలవు గానీ ఇది నన్ను నడిపించేత్తందిరా" అని ఒకటే నవ్వు.

వాచీకి తెలిసింది కుదుపు ఒక్కటే. గోతుల రోడ్డయినా దానికి నడకలాగే ఉంటుంది. 2016లో యాపిల్ తన వాచీలో చక్రాల కుర్చీకి వేరే సెట్టింగ్ పెట్టింది. అది అడుగులకు బదులు చేత్తో చక్రాన్ని తోసిన తోపులు లెక్కపెడుతుంది. నయమే. కానీ చేతి కదలికకీ ఒంటి శ్రమకీ ఎప్పుడూ పొత్తు కుదరదు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసేవాళ్ల చేతులు పొద్దస్తమానం ఆడుతూనే ఉంటాయి, ఆయాసం మాత్రం రాదు. పోనీ చక్రానికే మీటరు కడదామా? వెనక నుంచి మనవడు తోసినా అది తిరుగుతుంది.

గుండె వేగం చూడొచ్చు కదా అంటారు. బాబాయికైతే పనికొస్తుంది. దెబ్బ మెడ దగ్గర తగిలిన వాళ్లకు, గుండెను పరుగెత్తించమని మెదడు పంపే కబురు దారిలోనే తెగిపోతుంది. ఎంత కష్టపడ్డా చాలామందికి నిమిషానికి 110–130 దగ్గరే ఆగిపోతుంది. ఇక కేలరీల లెక్క. ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడని మామూలు సూత్రం. వెన్నుపాము దెబ్బతిన్న వాళ్లలో కండ కరిగిపోతుంది కాబట్టి అది 2.7 దగ్గర ఉంటుందని కొలిచి చూశారు. పాత సూత్రంతో లెక్కేస్తే ఖర్చు కాని కేలరీలు కూడా ఖర్చయినట్టు చూపిస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, వెన్నుపాము దెబ్బతిన్న వాళ్ల ఒంట్లో సత్తువ నిలవాలంటే వారానికి రెండుసార్లు, ఓ మోస్తరు ఆయాసం వచ్చేలా కనీసం 20 నిమిషాల వ్యాయామం, దాంతోపాటు కండబలం పెంచే కసరత్తు కావాలని 2018 నాటి అంతర్జాతీయ సూచనలు చెబుతున్నాయి. ఆ 20 నిమిషాలూ అయ్యాయో లేదో తెలియాలి కదా.

నాకు నచ్చిన కొలత ఏ యంత్రమూ కాదు, ప్రశ్న. 2005లో కెనడా పరిశోధకులు పారా-ఎస్‌సీఐ అనే పద్ధతి తెచ్చారు. గడిచిన మూడు రోజులూ నిద్ర లేచింది మొదలు ఏమేం చేశారో వరసగా అడుగుతారు. ఎంతసేపు, ఊపిరి ఎలా ఉంది, చెమట పట్టిందా అని అడిగి తేలిక, మధ్యస్థం, భారీ అని రాసుకుంటారు.

బాబాయిని అలాగే అడిగాను. "ఏటి సేత్తానురా, కూకునే ఉన్నాను" అన్నాడు. పక్కనున్న పిన్ని ఊరుకోలేదు. మంచం మీంచి కుర్చీలోకి చేతుల బలంతోనే దిగడం, స్నానానికి దేకుతూ వెళ్లడం, పుండ్లు పడకుండా మాటిమాటికీ చేతులూని ఒళ్లు పైకెత్తడం, అన్నీ ఏకరువు పెట్టింది. "మరి తోటలోకెల్లింది?" అని గుర్తుచేసింది.

"అదా? అదేటి పనిరా, నాలుగు బారలు లేదు."

ఇల్లు దాటితే అంతా ఇసుకే. చక్రం సగం కూరుకుపోతుంది. వెళ్లేటప్పుడు రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడట, చొక్కా తడిసిపోయిందట. చక్రం మీటరులో పది చుట్లయినా పడి ఉండవు. నేను దాన్ని 'భారీ' కింద రాసుకున్నాను.