మనవరాలి జావ, అల్లుడి బీరు

మనవరాలికి జావ మొదలుపెట్టే నెల వచ్చిందని, ఒడిశా రాయగడ నుంచి రెండు కిలోల మొలక చోడి (రాగి) పిండి మోసుకుని అమెరికాలోని ఒహాయో వెళ్లాను. వెళ్లిన మొదటి శనివారం పొద్దున్నే చూస్తే మా అల్లుడు గరాజులో ఇరవై అయిదు లీటర్ల స్టీలు గిన్నె పొయ్యి మీద పెట్టి, పల్చటి గుడ్డసంచిలో ఏదో నూక ముంచి గరిటెతో తిప్పుతున్నాడు. వాసన అచ్చం హార్లిక్స్‌లా ఉంది. "ఏంటి బాబూ ఇది?" అంటే "బీరండీ అత్తయ్యగారూ" అని నసిగాడు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని కదా, కోపం కంటే ముందు అనుమానం వచ్చింది. వంటింట్లో నేను చేసేదీ గరాజులో ఇతను చేసేదీ ఒకటే కదా అని.

ఒకటే. నమ్మకపోతే ఇంట్లో చేసి చూడండి. మామూలు చోడిపిండితో గరిటె నిలబడేంత చిక్కగా జావ కాయండి. దించి కాసేపు ఆగి, వేలు పెడితే ఓర్చుకోలేనంత వేడి ఉండగానే (65 డిగ్రీలకు అటూ ఇటూ) ఒక చెంచా మొలక చోడిపిండి వేసి కలపండి. కొన్ని నిమిషాల్లో నిలబడ్డ గరిటె పక్కకి వాలిపోతుంది, ముద్ద కాస్తా జారుడు జావ అవుతుంది. నీళ్లు ఒక్క చుక్క కూడా పోయలేదు మరి. మొలక వచ్చేటప్పుడు గింజ తన పిండిపదార్థాన్ని తనే కోసుకు తినడానికి అమైలేజ్ అనే ఎంజైమ్ తయారుచేసుకుంటుంది, ఆ కత్తెరే మన జావనీ కోసింది. అందుకే పసిపిల్లకి మొలక జావ పల్చగా ఉన్నా బలం తగ్గదు. అయితే మొలకల్ని ఘుమఘుమలాడేలా నల్లగా వేయించారో, వేడికి ఎంజైమ్ చచ్చిపోయి ఈ తమాషా జరగదు. అలాగే నల్ల బీరులో వేసే మాడ్చిన బార్లీలో కూడా ఎంజైమ్ ఉండదు, రంగూ రుచీ తప్ప, పని అంతా లేతగా ఆరబెట్టిన మొలక బార్లీదే.

మా అల్లుడి మొలక బార్లీ గిన్నెలో థర్మామీటర్ 66 దగ్గర ఉంది, గంటసేపు అక్కడే ఉంచాడు, కంబళి చుట్టి మరీ. 62, 63 దగ్గర ఉంచితే పిండి ఎక్కువగా చిన్న చక్కెరలు అవుతుంది, ఈస్ట్ (చక్కెర తిని ఆల్కహాలూ గ్యాసూ చేసే సూక్ష్మజీవి) అంతా తినేస్తుంది, బీరు పల్చగా తేలుతుంది. 70 దగ్గర పెట్టారో ఈస్ట్ తినలేని పెద్ద ముక్కలు మిగిలి నోట్లో చిక్కగా తగులుతుంది. సామాను కొనేవాళ్లు మెరిసే గిన్నెల మీద పెట్టే డబ్బులో పదోవంతు మంచి థర్మామీటర్ మీద పెట్టమని నా సలహా.

తర్వాత సంచి ఎత్తి పిండేసి, ఆ తీపి రసాన్ని హాప్స్ పువ్వులు వేసి గంట మరిగించాడు. చేదు దానిదే. అసలు జాగ్రత్త మరగడం ఆగాక మొదలవుతుంది, ఎందుకంటే చల్లారిన తీపి రసమంటే బాక్టీరియాకి పెళ్లి విందు. ఐసునీళ్లలో గిన్నె పెట్టి గబగబా చల్లార్చాలి, అప్పట్నుంచి దాన్ని తాకే ప్రతి గరిటే, గొట్టమూ, మూతా క్రిమిరహితం చేసి ఉండాలి. రసం పులియబెట్టే ప్లాస్టిక్ బకెట్టుని స్టీలు పీచుతో తోమకండి, గీతల్లో దాక్కున్న క్రిములు మందుకి ఓ పట్టాన చావవు. బ్లీచింగ్ వాడి సరిగ్గా కడగకపోతే బీరు ఆసుపత్రి వాసన కొడుతుంది.

చల్లారిన రసంలో కలిపే ఈస్ట్ పొట్లంలో వస్తుంది. కోపెన్‌హాగన్ కార్ల్స్‌బర్గ్ బీరు ప్రయోగశాలలో హాన్సెన్ అనే శాస్త్రవేత్త 1883లో ఒకే ఒక్క కణం నుంచి ఈస్ట్ పెంచి చూపించాడు, అప్పట్నుంచే ఈ నమ్మకమైన ఈస్ట్. మా కొరాపుట్ సంతల్లో అమ్మే లాండా అనే నాటు బీరుకి ఆ పొట్లాలేవీ ఉండవు, గాలిలో, కుండలో ఉన్నదే దాని ఈస్ట్, అందుకే ఏ ఇంటి లాండా రుచి ఆ ఇంటిదే.

ఏల్ అనే రకం బీరు ఈస్టుకి 18 నుంచి 20 డిగ్రీలు హాయి. పులిసేటప్పుడు అది వేడి పుట్టిస్తుంది కూడా, బకెట్ లోపల గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వేడెక్కితే ఘాటు ఆల్కహాళ్లు తయారై బీరు ముక్కుకి సారాలా కొడుతుంది. జూలైలో గరాజు ఉడికిపోతుంటే నేను మా మే నెల చిట్కా చెప్పాను. బకెట్టుని నీళ్ల తొట్టిలో పెట్టి, తడి గుడ్డ చుట్టి, ఫ్యాను పెట్టు. కూజా చల్లబడేదీ ఇలాగే. రాయగడ ఎండల్లో ఇది భలే పనిచేస్తుంది గానీ బరంపురం ఉక్కపోతలో గుడ్డ ఆరదు, చల్లబడదు. అప్పుడు ఐసు కట్టిన నీళ్ల సీసాలు తొట్టిలో వేసి మారుస్తుండాలి.

ఇక నా వల్ల జరిగిన ఘనకార్యం. సీసాల్లో పట్టే ముందు గ్యాసు కోసం కొంచెం పంచదార కలుపుతారు, ఇరవై లీటర్లకి 120 గ్రాములు. తూచమన్నాడు అల్లుడు. ఉప్పూ కారం ఎప్పుడైనా తూచానా నేను, చేత్తో వేశాను. పదో రోజు రాత్రి గరాజులో రెండు సీసాలు ఢామ్మని పేలాయి, గాజు ముక్కలు కారు చక్రం దాకా వచ్చాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. పంచదార బరువులో దాదాపు సగం బొగ్గుపులుసు వాయువవుతుంది, మూత బిగించిన సీసాలో అది ఎక్కడికి పోతుంది? తూచడం ఒక్కటే కాదు, పులియడం పూర్తయిందో లేదో కూడా చూసుకోవాలి. పాలకేంద్రంలో లాక్టోమీటర్ లాంటిదే హైడ్రోమీటర్, రసం నీళ్లకంటే ఎంత చిక్కనో చెబుతుంది. చక్కెర తగ్గేకొద్దీ అంకె దిగుతుంది, మొదట్లో 1.050 ఉన్నది 1.012కి దిగి, మూడు రోజులు అక్కడే నిలిస్తే సీసాల్లో పట్టొచ్చు. ఆ తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం, సుమారు 5.

అమెరికాలో 1978 చట్టంతో ఇంట్లో కాచుకోవడానికి అనుమతి వచ్చింది, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. మన దగ్గర లైసెన్స్ లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసు, కాబట్టి నేను రాయగడ వచ్చాక జావ దగ్గరే ఆగాను.

ఒక్కటి మాత్రం అక్కడ చూసి ప్రాణం ఉసూరుమంది. పిండగా మిగిలిన అయిదారు కిలోల బార్లీ పిప్పి అల్లుడు చెత్తబుట్టలో పారబోయబోయాడు. మా వీధిలో గేదెలకి పెడితే సాయంత్రానికి గిన్నె నాకేసి ఉండేవి. నేను ఊరుకోక అందులో కొంచెం తీసి, గోధుమపిండిలో కలిపి రొట్టెలు చేశాను. పొట్టు పళ్లలో ఇరుక్కుంది గానీ అల్లుడు నాలుగు తిన్నాడు.