స్పేస్ సిస్టమ్స్‌లో థీసిస్: మారతహళ్లి పీజీల్లో వినిపించే అపోహలు

డిసెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కు ఒకటే రకం మెసేజ్‌లు. "అన్నా, ఇస్రోలో ప్రాజెక్ట్ ఇప్పిస్తావా?" ఒంగోలు నుంచి ఒకడు, అనంతపురం నుంచి ఒక అమ్మాయి, ఇక్కడే బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ ఆంధ్రా మెస్‌లో ఎవరి ద్వారానో నా నంబర్ సంపాదించిన ఇంకో ఇద్దరు. నేను ఇస్రోలో పనిచేయను. బెంగళూరులోనే చిన్న ఉపగ్రహాలు చేసే ఒక ప్రైవేట్ కంపెనీలో సిస్టమ్స్ ఇంజనీర్‌ని, అంటే ఉపగ్రహంలోని భాగాలన్నీ ఒకదానితో ఒకటి కుదిరేలా చూసేవాణ్ని. ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థుల థీసిస్‌లు చూస్తుంటాను. అందరికీ విడివిడిగా చెప్పేవన్నీ ఈసారి ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఇస్రోలో చోటు దొరికితేనే స్పేస్ థీసిస్. అదీ టాపర్లకే, లేదా తెలిసినవాళ్లుంటేనే.

ముందు రెండో ముక్క సంగతి. ఇస్రో ప్రాజెక్ట్ ట్రెయినీ పథకానికి అడిగే కనీస మార్కులు 60 శాతం, లేదా 10కి 6.32 సీజీపీఏ. బీటెక్ వాళ్లు ఆరో సెమిస్టర్ అయ్యాక కనీసం 45 రోజులు, ఎంటెక్ వాళ్లు మొదటి సెమిస్టర్ అయ్యాక కనీసం 120 రోజులు చేయాలి. స్టైపెండ్ ఉండదు. పీజీ అద్దె, బస్సు పాసు మీవే. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని యు.ఆర్.రావు శాటిలైట్ సెంటర్, పీణ్యలోని ఇస్ట్రాక్ (ఉపగ్రహాలను ట్రాక్ చేసే కేంద్రం), లియోస్ (ఉపగ్రహాల సెన్సార్లు, ఆప్టిక్స్ చేసే కేంద్రం), ఇలా ఏ కేంద్రానికి ఆ కేంద్రం అవసరాన్ని బట్టి తీసుకుంటుంది. అందుకే అన్నింటికీ ఒకే అప్లికేషన్ కాపీ కొట్టి పంపితే ఎక్కడా అంటదు.

ఇక మొదటి ముక్క. ఇస్రో రెస్పాండ్ పథకం కింద కాలేజీల్లోనే పరిశోధన నడుస్తుంది. ఐఐఎస్సీలో స్పేస్ టెక్నాలజీ సెల్ ఉంది. 2020లో ప్రైవేట్ సంస్థలకు ఈ రంగం తలుపులు తెరిచాక బెంగళూరులో పిక్సెల్, బెల్లాట్రిక్స్, దిగంతర లాంటి కంపెనీలు ఎదిగాయి. ఎక్కడ చేసినా ఒకటి గుర్తుంచుకోండి: లోపల చేసిన పని బయటికి తీసుకెళ్లి అచ్చు వేయాలంటే అనుమతి కావాలి. మా దగ్గరా అంతే. థీసిస్‌లో ఏ డేటా వాడుకోవచ్చో మొదటి వారమే రాతలో తీసుకోండి. నేను ఎంటెక్‌లో ఉన్నప్పుడు ఒక చోట నాలుగు నెలలు పనిచేసి, గ్రాఫులన్నీ అయ్యాక "ఇవి బయటికి ఇవ్వలేం" అనిపించుకున్నాను. చివరి నెలలో కొత్త లెక్కలతో మళ్లీ మొదలు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అపోహ: థీసిస్ అంటే ఒక ఉపగ్రహం తయారు చేయాలి.

ఇదే అన్నింటికంటే పిల్లల్ని ముంచేది. విద్యార్థి ఉపగ్రహాలు నిజంగానే ఎగిరాయి. 2010లో ఏడు ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు కలిసి చేసిన స్టడ్‌శాట్ కిలో కూడా బరువు లేదు. 2016 సెప్టెంబర్‌లో మన బెంగళూరు పీఈఎస్ వాళ్ల పైశాట్, ఐఐటీ బాంబే వాళ్ల ప్రథమ్ ఒకే పీఎస్ఎల్‌వీలో వెళ్లాయి. ప్రథమ్ పని మొదలైంది 2007లో. అంటే తొలి బ్యాచ్ వాళ్లకు ఉద్యోగాలొచ్చి, పెళ్లిళ్లయి, పిల్లలు బడికి వెళ్లే నాటికి అది ఎగిరింది. మీ చేతిలో ఉన్నది ఒక సెమిస్టర్.

ఆ సెమిస్టర్‌లో పట్టేది ఒక ప్రశ్న. లెక్క తేలే ప్రశ్న. మొన్నామధ్య ఒక కుర్రాడు "ఉపగ్రహంలో ఏఐ పెడతాను అన్నా" అన్నాడు. ఎందుకు అంటే జవాబు లేదు. ఇద్దరం ఎక్సెల్ తెరిచాం. చిన్న ఉపగ్రహం సెకనుకు 9,600 బిట్లు పంపుతుందనుకుందాం. 500 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నది మన గ్రౌండ్ స్టేషన్ నెత్తిన పోతే పది నిమిషాలు కనిపిస్తుంది. ఆకాశం అంచున ఉన్నప్పుడు సిగ్నల్ సరిగా అందదు కాబట్టి పనికొచ్చేది ఎనిమిది అనుకోండి. మొత్తం 576 కిలోబైట్లు. వీడి కెమెరా తీసే ఫొటో 5 మెగాబైట్లు. ఒక్క ఫొటో కిందికి దిగాలంటే తొమ్మిది పాస్‌లు కావాలి (ఉపగ్రహం ఒకసారి మన మీదుగా పోతే ఒక పాస్), అంటే రెండు మూడు రోజులు! అందులో సగం ఫొటోల నిండా మబ్బులే ఉంటే? అప్పుడు వాడి ముఖం వెలిగింది. "మబ్బు ఫొటోలను పైనే ఏరిపారేస్తే రోజుకు ఎన్ని కిలోబైట్లు మిగులుతాయి, దానికి ఎంత కరెంటు ఖర్చవుతుంది?" అదీ థీసిస్. ఏఐ అన్న మాట టైటిల్‌లో లేకపోయినా నడుస్తుంది.

ఆ కరెంటు సంగతే ఇంకో థీసిస్. ఆ ఎత్తులో ఉపగ్రహం సుమారు 95 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. చాలా కక్ష్యల్లో ప్రతి చుట్టులోనూ దాదాపు 35 నిమిషాలు భూమి నీడలో ఉంటుంది. 6 వాట్లు వాడే ఉపగ్రహానికి ఆ నీడలో 3.5 వాట్-అవర్ల బ్యాటరీ శక్తి కావాలి. మరి 4 వాట్-అవర్ల బ్యాటరీ పెడితే సరిపోదా? సరిపోదు. మన ఫోన్ రోజుకోసారి చార్జ్ అవుతుంది, ఏడాదికి 365 సార్లు. ఉపగ్రహం ఏడాదికి దాదాపు 5,500 సార్లు. ప్రతిసారీ అడుగంటా వాడితే బ్యాటరీ ఆరు నెలలు కూడా దక్కదు. అందుకే 20 శాతమే వాడుకునేలా చూస్తే 17.5 వాట్-అవర్లది కావాలి. దాంతో బరువు పెరిగింది. బరువు పెరిగితే స్ట్రక్చర్ వాళ్లు గొడవకొస్తారు. ఈ గొడవ తీర్చడమే మా ఉద్యోగం.

అపోహ: సిస్టమ్స్ ఇంజనీరింగ్ అంటే డాక్యుమెంట్లు రాసే పని.

డాక్యుమెంట్లు రాస్తాం, అబద్ధమెందుకు. కానీ 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో ఏం జరిగిందో చదవండి. రెండో దశ విడిపోయేటప్పుడు కొద్దిసేపు ఎక్కువ వైబ్రేషన్ వచ్చింది. ఆక్సిలరోమీటర్ల (త్వరణం కొలిచే సెన్సార్ల) రీడింగులు హద్దు దాటాయి. తప్పును పట్టే సాఫ్ట్‌వేర్ సెన్సార్లు పాడయ్యాయని తేల్చేసి రాకెట్‌ను అత్యవసర పద్ధతిలోకి మార్చింది. సెన్సార్లు నిజానికి బాగానే ఉన్నాయి. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు బదులు ఒక కొస 76 కిలోమీటర్లకు దిగిపోయింది. ఆ ఎత్తులో ఏదీ నిలవదు. మోటార్లు పనిచేశాయి, సాఫ్ట్‌వేర్ తనకు చెప్పిందే చేసింది. తప్పంతా ఆ రెంటి మధ్య అతుకులో ఉంది. 2023 ఫిబ్రవరిలో రెండో ప్రయోగం విజయవంతమైంది. "సెన్సార్ పాడైందని నిర్ణయించే ముందు ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలి?" ఇంత చిన్న ప్రశ్న మీద ఎంటెక్ థీసిస్ హాయిగా రాయొచ్చు, ల్యాప్‌టాప్ చాలు.

అపోహ: ఎయిరోస్పేస్ బ్రాంచ్ వాళ్లకే.

పీఎస్ఎల్‌వీ నాలుగో దశ తన పని అయ్యాక కక్ష్యలోనే తిరుగుతూ ఉంటుంది. దాన్నే ప్రయోగాల వేదికగా మార్చి పోయెమ్ అని పేరు పెట్టారు. 2024 డిసెంబర్ 30న వెళ్లిన పోయెమ్-4 మీద 24 ప్రయోగాలున్నాయి. వాటిలో ఒకటి బెంగళూరు ఆర్‌వీ కాలేజీ విద్యార్థులు పంపిన బ్యాక్టీరియా పెట్టె. తిరువనంతపురంలోని ఇస్రో కేంద్రం వీఎస్ఎస్‌సీ వాళ్లు అలసందలు పంపితే నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. బయాలజీ, మెకానికల్, ఈసీఈ, అందరికీ పని ఉంది.

అపోహ: హార్డ్‌వేర్, డబ్బు లేకుంటే ఏమీ చేయలేం.

కక్ష్యల లెక్కలు వేసే నాసా వాళ్ల సాఫ్ట్‌వేర్ జీమ్యాట్ ఉచితం. ఉపగ్రహాల కక్ష్య వివరాలు ఇంటర్నెట్‌లో రోజూ దొరుకుతాయి. చంద్రయాన్-2, ఆదిత్య ఎల్1 డేటా ఇస్రో వాళ్ల ప్రదాన్ పోర్టల్‌లో ఉంది. కానీ సిమ్యులేషన్‌లో రంగురంగుల బొమ్మ వచ్చిందని సంబరపడొద్దు. నిజంగా ఎగురుతున్న ఏదో ఒక ఉపగ్రహంతో మీ లెక్క పోల్చి, తేడా ఎంతో రాయండి. వైవాలో అడిగేది అదే. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే సెంటర్ల నుంచి కొన్నవాళ్లు సరిగ్గా అక్కడే దొరికిపోతారు.

అపోహ: రిజల్ట్ సరిగా రాకపోతే థీసిస్ పోయినట్టే.

మా దగ్గర చేసిన ఒక అమ్మాయి థర్మల్ మోడల్, థర్మోవ్యాక్ పరీక్షలో (శూన్యం చేసిన గదిలో వేడి, చలి పెట్టి చూసే పరీక్ష) వచ్చిన ఉష్ణోగ్రత కంటే 9 డిగ్రీలు తక్కువ చూపించింది. వారం రోజులు ఏడుపు ముఖమే. చివరికి తేలిందేమిటంటే, బోల్టు బిగించిన చోట రెండు ప్లేట్ల మధ్య వేడి తను అనుకున్నంత సులువుగా దాటడం లేదు. గాలి ఉన్న గదిలో అది బయటపడదు, శూన్యంలోనే తెలుస్తుంది. ఆ 9 డిగ్రీలే ఆమె థీసిస్‌లో నాలుగో అధ్యాయం అయ్యాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గంటసేపు ఆ అధ్యాయం మీదే మాట్లాడారు.

ఈసారి నాకైనా, ఇంకెవరికైనా మెసేజ్ పెట్టేటప్పుడు "ఏదైనా ప్రాజెక్ట్ ఇప్పించండి" అని పెట్టకండి. మీ ప్రశ్న ఒక్క వాక్యంలో, ఎన్ని వారాలు ఉన్నాయి, మీ గైడ్ ఒప్పుకున్నారా లేదా, అంతే. దాంతోపాటు మీరు వేసిన లెక్క ఉన్న ఒక ఎక్సెల్ షీట్. అందులో తప్పులున్నా పర్లేదు, కూర్చుని దిద్దుకుందాం.