అమెజాన్ ఊరికి సేవ చేయడానికి వెళ్తున్నారా? అపోహలు - వాస్తవాలు

ఏటా మార్చి వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మా అమ్మాయి మెడిసిన్‌కి అప్లై చేస్తోంది. ఎండాకాలం సెలవుల్లో అమెజాన్ అడవిలో వాలంటీర్ ట్రిప్ అంటోంది. అక్కడ పాములుంటాయంట కదా?" డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో ఒక అమ్మ. వెనక నుంచి నాన్న గొంతు: "అప్లికేషన్‌కి పనికొస్తుందా లేదా అడుగు."

నేను నర్సుని. కొన్నేళ్లుగా కాలేజీ పిల్లల బ్యాచ్‌లతో పెరూ దేశంలోని లోరెతో ప్రాంతానికి వెళ్తున్నాను. ఇకీటోస్ నుంచి పడవలో గంటల తరబడి పోతే వచ్చే నది ఒడ్డు ఊళ్లు అవి. నేను పుట్టింది కోనసీమ లంకలో కాబట్టి వరదా, ఒండ్రూ, పడవా నాకు కొత్త కాదు. అయినా ఈ కింద రాసిన వాటిలో సగం మొదట్లో నేనూ నమ్మాను.

అపోహ: బయటి ప్రపంచం తెలియని అడవి మనుషుల దగ్గరికి వెళ్తున్నాం.

ఇకీటోస్ లక్షల జనాభా ఉన్న నగరం. కానీ పెరూలో మిగతా ఏ నగరం నుంచీ అక్కడికి రోడ్డు లేదు. ఉన్న ఒక్క రోడ్డూ దాదాపు 100 కిలోమీటర్లు పోయి నౌటా అనే ఊళ్లో ఆగిపోతుంది. వెళ్తే విమానంలో వెళ్లాలి, లేదా పడవలో. రోడ్డు లేదు కాబట్టి లోకం తెలియదనుకుంటే పొరపాటు. సముద్రం ఏకంగా 3,600 కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఓడలు ఇకీటోస్ దాకా వస్తాయి. రబ్బరు గిరాకీ ఉన్న రోజుల్లో, అంటే 1880ల నుంచి 1912 దాకా, లోకమే వచ్చి వీళ్ల మీద పడింది. పుటుమాయో నది వెంట బోరా, విటోటో జనాన్ని రబ్బరు పాల కోసం బానిసల్లా వాడుకున్నారు, కొరడాలతో కొట్టారు, చంపారు. బ్రిటిష్ కాన్సుల్ రోజర్ కేస్‌మెంట్ 1910లో అక్కడికి వెళ్లి రాసిన నివేదిక ఇప్పటికీ గుండె దిటవు చేసుకోకుండా చదవలేం. ఆ తర్వాత చమురు వచ్చింది. 2014లో మరన్యోన్ నది ఒడ్డున కునినికో అనే ఊరి దగ్గర పైపులైను కారి చేపలు తేలిపోయాయి.

ఆ నది ఒడ్డునే ఉండే కుకామా తెగ ఆడవాళ్లు సంఘం పెట్టుకుని కోర్టుకెక్కారు. 2024 మార్చిలో నౌటా కోర్టు మరన్యోన్ నదికి దానికంటూ హక్కులున్నాయని తీర్పు చెప్పింది. వాళ్ల నాయకురాలు మారి లుజ్ కనకిరికి 2025లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ఇలాంటి ఊళ్లకి పంతొమ్మిదేళ్ల పిల్లలు "నీటి కాలుష్యంపై అవగాహన" అని పోస్టర్లు చుట్టుకుని తెస్తారు. ఆ పోస్టర్లు నేను ఇకీటోస్ హోటల్లోనే పెట్టించేస్తాను.

నిజంగా బయటివాళ్లకి దూరంగా బతికే తెగలు పెరూలో ఉన్నాయి. వాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. మన జలుబు చాలు వాళ్ల ప్రాణం తీయడానికి. "అన్‌కాంటాక్టెడ్ ట్రైబ్‌ని చూపిస్తాం" అని ఎవరైనా చెబితే అక్కడే డబ్బు వెనక్కి అడగండి.

అపోహ: ఎవరు ఏ పని చేసినా ఊరికి మంచిదేగా.

మా మొదటి ట్రిప్‌లో బడికి నీలం రంగు వేశాం. పిల్లలు మురిసిపోయారు, ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. కిటికీ పక్కన ఒకచోట పెచ్చు ఊడి ఉంటే గోటితో గీకాను. నీలం కింద పసుపు, పసుపు కింద ఆకుపచ్చ. మాకు ముందు రెండు బ్యాచ్‌లు వచ్చి వెళ్లాయన్నమాట. గోడకేమో తేమ, మన రంగు వచ్చే వరద దాకా కూడా నిలవదు. ఆ బడికి కావలసింది రంగు కాదు, టీచరు పడవకి పెట్రోలు. అది ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇంకో ఏడు నీటి ఫిల్టర్లు మోసుకెళ్లాం. మరుసటి ఏడు వెళ్లి చూస్తే ఒకింట్లో ఫిల్టర్ బకెట్‌లో కోడి పొదిగి ఉంది. ఇంటావిడ నవ్వుతూ చెప్పింది: లోపలి గొట్టం మూసుకుపోయిందట, ఇకీటోస్‌లో ఎంత వెతికినా అలాంటిది దొరకలేదట. మూత బాగుంది కాబట్టి కోడికి ఇచ్చేసిందట. తప్పు ఆవిడది కాదు. విడిభాగం దొరకని వస్తువు ఇవ్వడం మాది. ఇప్పుడు వాన నీళ్లు పట్టే రేకూ, గట్టర్లూ, మూతున్న డ్రమ్మూ, క్లోరిన్ కొలిచి వేసే పద్ధతీ - వీటికే ఒప్పుకుంటాను. అన్నీ ఇకీటోస్ బజారులో దొరికేవే.

పని మనం ఎంచుకునేది కాదు. అక్కడ ప్రతి ఊరికీ గ్రామసభ ఉంటుంది, మూలవాసుల ఊళ్లలో పెద్దని అపు అంటారు. అపు "ఆపు" అంటే ఆపాల్సిందే (ఈ జోకు నా బ్యాచ్‌లో తెలుగు పిల్లలకే అర్థమవుతుంది). 1974లో వచ్చిన చట్టంతోనే మూలవాసుల ఊళ్లకి వాళ్ల భూమి మీద హక్కు దక్కింది. అంటే మీరు అడుగుపెట్టేది ఒక ఇంటి గడపలో. సభలో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాకే లోపలికి.

అపోహ: వైద్యం లేని చోటు కాబట్టి స్టూడెంట్లు చేసినా తప్పు లేదు.

తల్లిదండ్రులకి నేను గంటసేపు చెప్పేది ఇదే. నీలం స్క్రబ్స్ వేసుకుని పడవ దిగిన ప్రతి అమ్మాయినీ ఊరివాళ్లు "డాక్టోర్సీతా" అని పిలుస్తారు. స్పానిష్‌లో ముద్దుగా డాక్టరమ్మా అన్నట్టు. మన చెవికి సీత అని వినిపించి మరీ ముద్దొస్తుంది. ప్రమాదం అక్కడే. బయాలజీ రెండో ఏడు చదివే పిల్లకి ఒక తల్లి తన బిడ్డని ఒళ్లో పెడుతుంది. ఆ పిల్లకి "నేను డాక్టర్ని కాదు" అనాలనిపించదు. ఒకసారి మా బ్యాచ్ కుర్రాడు సూది తీసుకున్నాడు, కుట్లు వేయడం వీడియోలో చూశాడట. చెయ్యి పట్టుకుని ఆపాను. అమెరికాలో వాడు చేయకూడనిది అక్కడా చేయకూడదు. మెడికల్ కాలేజీల సంఘం మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. ఇంటర్వ్యూలో "నేను అక్కడ కుట్లు వేశాను" అంటే మార్కులు పడవు, పోతాయి. నాన్నగారూ, మీ ప్రశ్నకి జవాబు ఇది.

పైగా వైద్యం లేని చోటు కూడా కాదు. కొన్ని ఊళ్లకి ఒక పోస్టా, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, ఉంటుంది. ఊళ్లో ప్రొమోతోర్ ఉంటారు, మన ఆశా కార్యకర్త లాంటివారు. మేం వెళ్లే ఊరి ప్రొమోతోరా దగ్గర ఒక గళ్ల నోటుబుక్కు ఉంది. ప్రతి పిల్లాడి బరువు, టీకాలు, నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేశారో, అన్నీ నీలం పెన్నుతో. తడవకుండా పంచదార సంచిలో చుట్టి పెడుతుంది. బడిలో నులిపురుగుల మాత్రలు వేశాక, ఆ బుక్కు చూడకుండా మనమూ పంచితే ఒకే పిల్లాడికి నెలలో రెండుసార్లు పడుతుంది. నా స్టూడెంట్ల మొదటి రోజు పని ఆవిడ పక్కన కూర్చుని ఆ బుక్కు చదవడం. తర్వాత బరువు తూచే కాటా పట్టుకోవడం. అంతే. బోరు కొడుతుందని కొందరు ఫీలవుతారు, కొట్టనివ్వండి.

అపోహ: ఇంట్లో మిగిలిన మందులు పట్టుకెళ్తే పుణ్యం.

సూట్‌కేస్ నిండా శాంపిళ్లు, సగం వాడిన స్ట్రిప్పులు, ఇంగ్లీషు లేబుళ్లు తెస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం ప్రకారం విరాళంగా ఇచ్చే మందుకి ఆ దేశం చేరాక కనీసం ఏడాది గడువు ఉండాలి, లేబుల్ అక్కడి వైద్య సిబ్బందికి అర్థమయ్యే భాషలో ఉండాలి. బీపీ మాత్రలు 30 ఇచ్చి వచ్చేస్తే 31వ రోజు ఆ పెద్దాయన ఏం మింగాలి? పోస్టాలో దొరికే మందునే రాయించండి. పోస్టాకి వెళ్లడానికి పడవ ఖర్చు లేకపోతే ఆ ఖర్చు పెట్టండి.

అపోహ: పిరానాలు, అనకొండలు, దోమలు. ఈ వరుసలోనే భయపడాలి.

నా వరుస వేరు. మొదటిది నీళ్లు. రాత్రిపూట పడవ ప్రయాణం, తేలుతూ వచ్చే దుంగలు, లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పేసే మగపిల్లలు. పొడుగాటి ఇరుసు మోటారుతో నడిచే చిన్న పడవని అక్కడ పెకెపెకె అంటారు, చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి. చీకటి పడ్డాక మా బ్యాచ్ పెకెపెకె ఎక్కదు.

పిరానాలు ఉన్న నీళ్లలోనే ఊరి పిల్లలు రోజూ ఈదుతారు. అవి మనల్ని తినడం కంటే మనం వాటిని వేయించుకు తినడం ఎక్కువ. నిజంగా కాలికి తగిలేది టెంక చేప (స్టింగ్‌రే), అక్కడి పేరు రాయా. నీరు తీసినప్పుడు ఒడ్డు బురదలో పడుకుని ఉంటుంది, తొక్కితే తోకముల్లు దించుతుంది. కాళ్లు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే అదే తప్పుకుంటుంది. గుచ్చితే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పాదం పెడితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత పోస్టాకి.

పాముల్లో జెర్గోన్ అనేదే ఎక్కువ కాట్లకి కారణం. గంబూట్లు, టార్చిలైటు, చెయ్యి పెట్టేముందు చూడటం. కాటేస్తే కోయకూడదు, బిగించి కట్టకూడదు, కదలనివ్వకుండా పడవెక్కించాలి. మన ఊళ్లలో చెప్పేదే.

దోమల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పెరూలో మలేరియా కేసుల్లో ఎక్కువ భాగం లోరెతోవే. ఇంట్లో ఉన్న క్లోరోక్విన్ సరిపోతుందని మన పెద్దలు అనుకుంటారు. అక్కడ దానికి లొంగని రకం ఉంది. వేరే మాత్ర డాక్టరు రాయాలి, బయల్దేరకముందే మొదలుపెట్టాలి. దోమతెర తప్పదు. అడవిలో ఇంత జాగ్రత్తపడి, తిరిగి ఇకీటోస్ వచ్చాక చొక్కా చేతులు మడిచేస్తారు. డెంగ్యూ ఎక్కువగా ఉండేది ఆ నగరంలోనే, ఆ దోమ కుట్టేది పగలే.

అపోహ: ఎల్లో ఫీవర్ టీకా పెరూ కోసమే.

మన వాళ్లకి ఇండియా కోసం కూడా. ట్రిప్ అయిపోగానే అమ్మమ్మని చూద్దామని నేరుగా హైదరాబాద్ టికెట్ తీస్తారు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం వదిలిన 6 రోజుల్లోపు ఇండియాలో దిగితే పసుపు కార్డు, అంటే ఆ టీకా వేయించుకున్న సర్టిఫికెట్, అడుగుతారు. లేకపోతే ఆ 6 రోజులు నిండేదాకా విడిగా ఉంచుతారు. టీకా వేసిన 10 రోజులకి గానీ కార్డు చెల్లదు. 2016 నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఇండియాలో వేయించుకుని వెళ్లేవాళ్లకి మామూలు క్లినిక్‌లో దొరకదు, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం లాంటి, ప్రభుత్వ గుర్తింపున్న టీకా కేంద్రానికి వెళ్లాలి.

అపోహ: వానాకాలం తప్పించి వెళ్తే చాలు.

అక్కడ వాన లేని కాలమే లేదు. నది పెరగడం, తగ్గడం ఎక్కువగా ఆండీస్ కొండల్లో పడే వానని బట్టి ఉంటుంది. ఇకీటోస్ దగ్గర నీటిమట్టం ఏడాదిలో దాదాపు 10 మీటర్లు మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నిండుగా ఉంటే పడవ ఇంటి మెట్ల దగ్గరే ఆగుతుంది. సెప్టెంబరుకి అదే ఊరికి బురద ఒడ్డు ఎక్కి చాలా దూరం నడవాలి. నీరు తీసిన ఒండ్రులో వరి చల్లుతారు. ఎత్తుగా మిగిలే గట్ల మీద అరటి వేస్తారు. మొదటిసారి చూసినప్పుడు మా లంకలు గుర్తొచ్చి కాసేపు నోట మాట రాలేదు. 2012 వరద ఆ గట్లనీ ముంచింది, 2024లో నీళ్లు లేక పడవలే కదల్లేదు. తేదీలు ఎంచుకునే ముందు వాళ్ల కోతలెప్పుడో అడగండి. పని రోజుల్లో మనకి వండి పెట్టమనడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

స్వెటర్ కూడా పెట్టుకోండి. జూన్, జూలైల్లో దక్షిణం నుంచి చలిగాలి వస్తుంది, ఫ్రియాహే అంటారు. అడవంటే ఉక్కే అనుకుని వచ్చిన పిల్లలు దుప్పటి కోసం దేబిరిస్తారు.

అపోహ: అక్కడ మనం తినగలిగేది ఏమీ ఉండదు, మాగీ ప్యాకెట్లే గతి.

అన్నం, చేప, అరటికాయ, కర్రపెండలం. ఇంతకంటే ఏం కావాలి? పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకి వెళ్లే దుంపకి పుట్టిల్లు దక్షిణ అమెరికానే. వాళ్లు దాన్ని తురిమి, పిండి, పెనం మీద వేయించి ఫరీన్యా చేస్తారు. చేదు రకం దుంపలోని విషం ఆ పనితోనే పోతుంది. పచ్చిది కొరికి చూస్తానని ఒకడు బయల్దేరితే వంటావిడే గరిటెతో తరిమింది.

అదే దుంపతో చేసే పులిసిన పానీయం మసాతో. పాత పద్ధతిలో ఆడవాళ్లు నమిలి ఉమ్మి పులియబెడతారు. అతిథికి గిన్నెడు ఇస్తారు. తాగనక్కర్లేదు, రెండు చేతులా అందుకుని పెదవికి తాకించి పక్కవారికి అందిస్తే మర్యాద దక్కుతుంది. మొహం చిట్లిస్తే మాత్రం వారం రోజులు గుర్తుంచుకుంటారు. అయావాస్కా అనే మత్తు కషాయం సంగతి వేరు. డిప్రెషన్ మందులు వాడేవాళ్లకి ప్రాణం మీదకి రావచ్చు. నా బ్యాచ్‌లో దానికి అనుమతి లేదు, చర్చ కూడా లేదు.

అపోహ: నేను కట్టే ఫీజంతా ఊరికే చేరుతుంది.

అడగండి. పడవ నడిపేవాడు, వంటావిడ, అనువాదకుడు స్థానికులేనా, వాళ్లకి ఎంత ఇస్తున్నారు, గ్రామసభకి ఎంత కడుతున్నారు, అత్యవసరమైతే పడవ ఎవరిది. ఈ నాలుగింటికి తడుముకోకుండా చెప్పలేని నిర్వాహకుడితో పంపకండి. పిల్లల ఫోటోలు తల్లిని అడక్కుండా తీయనివ్వని నిర్వాహకుడైతే ఇంకా నమ్మవచ్చు.

ఈ జూలై బ్యాచ్‌కి గ్రామసభ పంపిన పనుల జాబితా మొన్ననే వచ్చింది. పోస్టా పడవకి పెట్రోలు, మూతలున్న డ్రమ్ములు ఆరు, గళ్ల నోటుబుక్కులు పన్నెండు, వాలీబాల్ నెట్ ఒకటి. బడికి రంగు వేయడం అందులో లేదు.