కడుపులో వేడి మందు ఎందుకు నింపుతారు?

రక్తంలోకి ఎక్కించే కీమో ఉండగా, ఆపరేషన్ టేబుల్ మీదే పొట్టలో వేడి మందు ఎందుకు నింపుతారని ఒక పాఠకురాలు అడిగారు. పెరిటోనియల్ మీసోథీలియోమా అనే అరుదైన కేన్సర్ గురించి ఆమె ప్రశ్న.

పొట్ట లోపలి గోడనూ పేగులనూ కప్పి ఉంచే పల్చని పొర పెరిటోనియం. విప్పి పరిస్తే దాదాపు మన చర్మమంత వైశాల్యం ఉంటుంది. ఈ కేన్సర్‌కు ఆస్‌బెస్టాస్ తెలిసిన కారణమే, కానీ దానితో సంబంధమే లేని రోగులూ చాలామంది ఉన్నారు.

పొట్టలో చేరిన నీటిని మాత్రమే పరీక్షిస్తే చాలాసార్లు జబ్బు తేలదు. వాపు వల్ల రేగిన మామూలు కణాలూ కేన్సర్ కణాలూ మైక్రోస్కోప్ కింద ఒకేలా కనిపిస్తాయి. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపే లాపరోస్కోపీతో ముక్క తీయాల్సిందే (బయాప్సీ). ఆ ముక్కలో కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 అనే ప్రోటీన్లు ఉంటే కణాలు ఈ పొరవి కావచ్చు. అండాశయ కేన్సర్‌లోనూ డబ్ల్యూటీ1 కనిపిస్తుంది కాబట్టి ఒక్క గుర్తును నమ్మరు. బీఏపీ1 ప్రోటీన్ మాయమైతే కేన్సర్ అనే అనుమానం గట్టిపడుతుంది.

కత్తి పడితే కేన్సర్ పాకుతుందన్న భయంతో బయాప్సీ వాయిదా వేసేవాళ్లున్నారు. ఈ జబ్బులో కోత పడిన దారిలో కణాలు మొలిచే అవకాశం నిజంగానే ఉంది. అందుకే వీలైతే రంధ్రాలను పొట్ట మధ్య గీత మీదే పెట్టి, తర్వాత పెద్ద ఆపరేషన్‌లో ఆ మచ్చనూ కోసి తీసేస్తారు. జాగ్రత్తకు దారి ఉన్నప్పుడు భయపడి ఆగిపోవడం ప్రమాదం.

ఇక వేడి మందు సంగతి. ఈ కేన్సర్ ఎక్కువకాలం పొట్టలోనే పాకుతుంది. అక్కడే మందు పోస్తే రక్తంలో కన్నా ఎన్నో రెట్ల గాఢత దొరుకుతుంది. ఇబ్బందల్లా లోతుతోనే. ఎండిన నేల మీద చిన్న జల్లు పడినట్టు పైపొరే తడుస్తుంది. మందు కణజాలంలోకి వ్యాపనంతో ఇంకుతుంది: లోతు రెట్టింపైతే పట్టే సమయం నాలుగింతలు. ఈలోగా రక్తనాళాలు దాన్ని లాగేసుకుంటాయి. అందువల్ల మందు చేరేది రెండు మూడు మిల్లీమీటర్లే.

కాబట్టి ముందు సర్జన్ కంటికి కనిపించే గడ్డలన్నీ తీసేయాలి. మిగిలింది 2.5 మిల్లీమీటర్ల లోపే ఉండాలన్న లెక్క ఇందుకే వచ్చింది. ఆ తర్వాత 41–43 డిగ్రీల సెల్సియస్ వేడితో సిస్‌ప్లాటిన్ వంటి మందును గంట, గంటన్నర పాటు తిప్పుతారు. వేడికి కేన్సర్ కణం తన డీఎన్‌ఏను బాగుచేసుకునే శక్తి తగ్గుతుంది.

2009లో వెలువడిన, 405 మంది రోగుల అధ్యయనంలో ఈ పద్ధతి తర్వాత మధ్యస్థ జీవితకాలం 53 నెలలు; అంటే సుమారు సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికారు. గడ్డలు పేగులంతటా పాకినవారికీ, కణాలు కదురు ఆకారంలో ఉండే సార్కోమటాయిడ్ రకానికీ ఇది సాధారణంగా పనికిరాదు. వారికి పెమెట్రెక్సెడ్ అనే మందు కలిపిన కీమోనో, రోగనిరోధక శక్తిని కేన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీనో ఇస్తారు.