ఆరుబయట సాకెట్‌కి 5 మిల్లీ ఆంపియర్లు, హీటింగ్ కేబుల్‌కి 30: ఈ తేడా ఎక్కడిది?

అమెరికాలో చూరు మీద మంచు కరగడానికో, పైపులో నీళ్లు గడ్డకట్టకుండానో వేసిన హీటింగ్ కేబుల్ ఆన్ చేయగానే జీఎఫ్‌సీఐ (కరెంటు నేలలోకి కారితే సరఫరా ఆపేసే పరికరం) టప్పున పడిపోతే, చాలామంది తిట్టేది దాన్నే. పాపం, అది పుట్టిందే వేరే పనికి, మనిషిని షాక్ నుంచి కాపాడడానికి.

బర్క్లీలో ప్రొఫెసర్ చార్లెస్ డాల్జియెల్ వాలంటీర్ల చేతికి తీగ ఇచ్చి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ, ఎక్కడిదాకా తమంతట తాము వదిలించుకోగలరో కొలిచాడు. మగవాళ్ల సగటు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లది 10.5. కానీ సగటును పట్టుకుని హద్దు గీస్తే సగంమంది చెయ్యి తీగకే అతుక్కుపోతుంది కదా, అందుకే దాదాపు ఆడవాళ్లందరూ వదిలించుకోగల 6 దగ్గర ఆగాల్సి వచ్చింది. 1961లో ఆయన తయారుచేసిన జీఎఫ్‌సీఐ 5 దగ్గర పడిపోయేది. ఇప్పటికీ అంతే, 4 నుంచి 6 మధ్య. లోపల పెద్ద మాయేం లేదు: ఫేజూ న్యూట్రలూ ఒకే రింగులోంచి వెళ్తాయి, వెళ్లినంత కరెంటు తిరిగి రాకపోతే ఎక్కడో నేలలోకి కారుతున్నట్టే, బహుశా ఎవరి ఒంట్లోంచో.

అమెరికా విద్యుత్ భద్రతా నియమావళి అయిన ఎన్ఈసీ కోడ్ దీన్ని 1968లో స్విమ్మింగ్ పూల్ నీటి అడుగు లైట్లకు, 1973లో ఇళ్ల ఆరుబయట సాకెట్లకు, 1975లో బాత్రూములకు తప్పనిసరి చేసింది.

హీటింగ్ కేబుల్ కథ వేరు. వైరు, దాని మీద ఇన్సులేషన్, ఆపైన ఎర్త్ చేసిన లోహపు జాలీ. ఈ మూడూ కలిస్తే పొడవాటి కెపాసిటరే, ఏ లోపం లేకపోయినా అడుగడుగునా కాస్త కరెంటు ఎర్త్‌లోకి పోతూనే ఉంటుంది, కేబుల్ పొడవైతే 5 దాటడం ఎంతసేపు? ఇక్కడ అసలు భయం నిప్పు. కోసుకుపోయిన చోట వైరుకీ జాలీకీ మధ్య నిప్పురవ్వలు లేస్తున్నా, మామూలు బ్రేకర్ పడేంత కరెంటు లాగకపోవచ్చు, అలా కేబుల్ వెంబడే కాలుకుంటూ పోతుంది. అందుకే ఎన్ఈసీలోని 426.28, 427.22 సెక్షన్లు దీనికి పరికరాన్ని కాపాడే రక్షణ అడుగుతాయి, మామూలుగా వాడే సెట్టింగ్ 30.

అలాగని 5 తీసేసి 30 పెట్టేయొద్దు. 5 నుంచి మినహాయింపు ఉన్నది ఆ కేబుల్‌కే కేటాయించిన సర్క్యూట్ మీద, సులువుగా చెయ్యి అందని సాకెట్‌కి మాత్రమే. వరండా పక్కన పిల్లలు కూడా ముట్టుకునే సాకెట్‌కి ఇది వర్తించదు.

ఇక 30ది కూడా పడిపోతుంటే, బ్రేకర్ మార్చే ముందు కేబుల్ కొసను మూసే ఎండ్ సీల్ విప్పి చూడండి, లోపల తడి ఉందేమో.