పలకలు ఎత్తితే తెలిసేది: విద్యార్థి కేంద్రిత బోధనపై అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లాలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో విద్యార్థి కేంద్రిత బోధన మాటెత్తగానే తోటి టీచర్ల నుంచి కొన్ని అనుమానాలు వస్తాయి. ఒకప్పుడు నావీ అవే.

అపోహ: పిల్లలే నేర్చుకుంటే టీచరుకు పనేముంది?

వాస్తవం: పని పెరుగుతుంది. ఏడో తరగతిలో దశాంశాలు చెప్పి "అర్థమైందా?" అన్నాను. "అయింది సార్!" అని గదంతా ఒకే గొంతు. నమ్మకం కుదరలేదు. తలా ఒక మార్కాపురం పలక ఇచ్చి, 0.45, 0.5లలో పెద్దది రాసి ఒక్కసారే పైకెత్తమన్నాను. సగానికి పైగా పలకల మీద 0.45 ఉంది. "ఐదు కంటే నలభై ఐదు పెద్దది గదా సార్!"

ఆ జవాబులో అజాగ్రత్త లేదు. పూర్ణ సంఖ్యల దగ్గర ఎప్పుడూ పనికొచ్చిన పద్ధతినే ఇక్కడా నమ్మారు. నేను మళ్లీ వివరిస్తే మళ్లీ "అయింది సార్" అనేవాళ్లే. అందుకే వేర్వేరు జవాబులు రాసినవాళ్లను జతలుగా కూర్చోబెట్టి కొలతల టేపులు ఇచ్చాను. చీమకుర్తి క్వారీలో రాళ్లు కొలిచే ఆయన కొడుకు టేపు సర్రున లాగి అర మీటరు దగ్గర వేలు పెట్టాడు. "ఇది యాభై సెంటీమీటర్లురా. నీది నలభై ఐదు దగ్గరే ఆగింది, చూడు." పావుగంటలో పలకలు మారాయి. ఆ పావుగంటలో నేను మాట్లాడింది తక్కువే. ఏ రెండు సంఖ్యలు అడిగితే లోపలి తికమక బయటపడుతుందో ముందురోజు రాత్రి చాలాసేపు వెతుక్కున్నాను.

అపోహ: ఇలాగైతే సిలబస్ పూర్తికాదు.

వాస్తవం: మొదట్లో వెనకబడతాం, నిజమే. కానీ 0.45 పెద్దదనుకునే పిల్లాడు రేపు శాతాల దగ్గర, వడ్డీ లెక్కల దగ్గర మళ్లీ ఆగిపోతాడు. అప్పుడు పోయే పీరియడ్లను మనం లెక్కలో వేయం.

అపోహ: ప్రశ్న వేస్తే ముందు బెంచీ తప్ప ఎవరూ నోరు తెరవరు.

వాస్తవం: మనం ఆగం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతులను గమనించి, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకనేనని తేల్చారు. మూడు సెకన్లు ఆగితే జవాబుల నిడివి పెరిగింది, ఎక్కువ మంది మాట్లాడారు. నేనిప్పుడు మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుంటాను.

అపోహ: ఫార్మేటివ్ (ఏడాది మధ్యలో ప్రాజెక్టులకు, చిన్న పరీక్షలకు వేసే) మార్కులు వేస్తున్నాం కదా, అదే నిరంతర మూల్యాంకనం.

వాస్తవం: 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సమగ్ర నిరంతర మూల్యాంకనం గురించి చెబుతూ, చదువు పిల్లల కేంద్రంగా, భయం లేకుండా సాగాలని కూడా అంటుంది. మనమేమో జెరాక్స్ షాపులో తయారైన ప్రాజెక్టుకు మార్కులు వేసి రిజిస్టరు మూసేస్తున్నాం. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా వేస్తే ఆ లాభం కనబడలేదు. పిల్లలు అంకె చూసి పుస్తకం మూసేయడం మనకూ తెలిసిందే. అందుకే నోటుపుస్తకంలో "రెండో మెట్టు దగ్గర హారం ఎందుకు మారింది?" లాంటి ప్రశ్న రాసి ఇస్తాను. దానికి జవాబు రాసుకొస్తేనే మార్కు.

అపోహ: యాభై మంది ఉన్న తరగతిలో కుదరదు.

వాస్తవం: యాభై పలకలు చూడటానికి నిమిషం చాలు. పక్కవాడిది చూసి చెరిపేసేవాళ్లు ఉంటారు. "ఎత్తండి" అనేదాకా పలకను గుండెకు ఆనించుకుని పట్టుకోమనండి.