దెయ్యాల్లేని ఖాళీ ఊళ్లు

చిరంజీవులు చిన్నూకీ బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీరిద్దరూ ఫోన్లో దెయ్యాల ఊళ్ల వీడియోలు చూసి, రాత్రిళ్లు లైటు వేసుకుని పడుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. మన రాష్ట్రంలో అలాంటి ఊళ్లున్నాయా అని బుజ్జి అడిగిందట. ఖాళీ ఊళ్లా? బోలెడు. దెయ్యాలు మాత్రం ఒక్క ఊళ్లోనూ లేవు. ఫోన్లో చెబితే సగం వినకుండానే పరిగెత్తుతారు గనక ఉత్తరం రాస్తున్నా.

ముందు గండికోట సంగతి తేల్చేద్దాం. ఆ వీడియో అబ్బాయి చీకట్లో టార్చిలైటు వేసుకుని తిరిగి భయపెట్టాడట గదా. కడప జిల్లాలో పెన్నానది కొండని చీల్చుకుని పారే చోట, ఆ లోయ అంచున ఉంది గండికోట. పెమ్మసాని నాయకులు ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. గుడి ఉంది, మసీదు ఉంది, పెద్ద ధాన్యాగారం ఉంది. కోట లోపల ఇళ్లున్నాయి, ఇళ్ల ముందు బర్రెలున్నాయి. దాన్ని దెయ్యాల ఊరంటే అక్కడి పిల్లలు నవ్వుతారు.

నిజంగా ఖాళీ అయిన ఊళ్లు చాలావాటికి ఇంత హంగు ఉండదు. పాత రెవెన్యూ లెక్కల్లో బేచిరాక్ గ్రామాలని రాసి ఉంటాయి. ఊరి పేరుంటుంది, పొలాలకి సర్వే నెంబర్లుంటాయి, శిస్తు కూడా ఉంటుంది. కాపురం ఉండే మనిషే ఉండడు. కరువొచ్చో, కలరా వచ్చో, దోపిడి దండులకి భయపడో జనం పక్క ఊరికి తరలిపోయి ఉంటారు. మిగిలేది ఒక పాటిదిబ్బ. చుట్టుపక్కల రైతులు ఆ పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకి తోలేవారు. వందల ఏళ్ల బూడిద, పేడ, చెత్త కలిసిన మన్ను కాబట్టి పైరు బాగా వస్తుంది. ఆ మన్నులో పూసలు, కుండపెంకులు, ఒక్కోసారి నాణేలు దొరికేవి. మన చరిత్ర ఎంత ఎరువై పోయిందో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. కానీ రైతుని తప్పుపట్టలేను.

ఇక నాకు బాగా ఇష్టమైన ఊరు, పల్నాడులోని విజయపురి. సాతవాహనుల తర్వాత, మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజులు కృష్ణ ఒడ్డున కొండల మధ్య లోయలో కట్టుకున్న రాజధాని. మొదటి రాజు చాంతమూలుడు యజ్ఞాలు చేసినవాడు, అశ్వమేధం కూడా చేశాడు. వాళ్లింటి ఆడవాళ్లు మాత్రం బౌద్ధానికి దానాలిచ్చారు. ఆయన చెల్లెలు చాంతిసిరి, మేనల్లుడు వీరపురుషదత్తుడు రాజ్యం చేస్తుండగా మహాచైత్యాన్ని, అంటే బౌద్ధుల పెద్ద స్తూపాన్ని, నిలబెట్టించింది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఉంది. అందులో కాశ్మీరం, గాంధారం, వంగం, సింహళం ఇలా ఎక్కడెక్కడి పేర్లో వరసగా ఉంటాయి. సింహళం నుంచి వచ్చే భిక్షువులకైతే అక్కడ వేరే విహారమే ఉంది. రోము నాణేలు కూడా దొరికాయి. పల్నాడు ఎండలో, కొండల నడుమ, ఇంతమంది ఇన్ని భాషలు మాట్లాడుతూ తిరిగారంటే నమ్మశక్యంగా ఉందా?

అక్కడి ఛాయాస్తంభాలు మీరు చూడాలి. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాతి స్తంభాలు. చాంతమూలుడు పోయాక తల్లులు, చెల్లెళ్లు, రాణులు కలిసి ఆయనకో స్తంభం ఎత్తించారు. పలనాటి సున్నపురాయి, కొంచెం పచ్చగా ఉంటుంది. ఆ రాతిమీద ఆయన బతికుండగా చేసిన పనులన్నీ బొమ్మలుగా చెక్కారు. మామూలు సైనికులకి కూడా ఇలాంటివి ఉన్నాయి. నాకైతే రాజుది చూసినప్పటికంటే సైనికులవి చూసినప్పుడే ఎక్కువ సేపు కాళ్లు కదల్లేదు.

ఇంత ఊరూ ఎందుకు పడిపోయింది? శాపం లేదు, భూతం లేదు. నాలుగో శతాబ్దంలో పల్లవులు పైకొచ్చారు, ఇక్ష్వాకుల వంశం ముగిసింది. రోముతో వ్యాపారమూ సన్నగిల్లింది. దానాలిచ్చేవాళ్లు లేకపోతే విహారాల్లో భిక్షువులకి అన్నం ఎవరు పెడతారు? ఒక్కరాత్రిలో జరిగింది కాదు. తరాల తరబడి జనం పలచబడ్డారు. ముళ్లకంపలు పెరిగి, చివరికి లోయలో పుల్లారెడ్డిగూడెం లాంటి చిన్న పల్లెలే మిగిలాయి. 1926లో శాసనాల కోసం తిరిగేవాళ్ల కంట పడేదాకా అక్కడ రాజధాని ఉండేదని లోకానికి తెలియదు. లాంగ్‌హర్స్ట్ అనే ఆయన మహాచైత్యం తవ్వితే బంగారు భరిణెలో చిన్న ఎముక ముక్క కనిపించింది. బుద్ధుడి ధాతువని దాన్ని సారనాథ్ విహారానికి ఇచ్చారు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ అక్కడికి దగ్గర్లోనే నాగార్జునసాగర్ ఆనకట్టకి పునాదిరాయి వేశాడు. అంటే లోయ మొత్తం మునుగుతుంది. అంతకు ముందు ఏడాది నుంచే పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వడం మొదలుపెట్టారు, 1960 దాకా తవ్వారు. ముఖ్యమైన కట్టడాల్ని రాయి రాయి విప్పి, పక్కనే ఉన్న నాగార్జునకొండ మీదకి మోసి, మళ్లీ పేర్చారు. కొన్ని ఒడ్డున అనుపులో ఉన్నాయి. అక్కడి రంగస్థలం మెట్ల మీద మీరిద్దరూ కూర్చుని ఎంత అరిచినా నేనేమీ అనను. ఆ కొండ ఇప్పుడు దీవి. పడవలో వెళ్లాలి. డ్యాం పక్క కాలనీకి విజయపురి అని పేరు పెట్టారు గానీ అసలు విజయపురి లాంచీ కింద ఎక్కడో నీళ్లలో ఉంది.

మునిగింది ఇక్ష్వాకుల ఊరొక్కటే కాదర్రా. పుల్లారెడ్డిగూడెం మునిగింది, అవతలి ఒడ్డున ఏలేశ్వరం మునిగింది, ఇంకా చాలా పల్లెలు మునిగాయి. పదహారు వందల ఏళ్ల నాటి రాళ్లని అంత జాగ్రత్తగా మోసుకెళ్లారు, మంచిదే. అప్పటికప్పుడు కాపురాలు చేస్తున్న మనుషుల విషయంలో అంత జాగ్రత్త చూపలేదు. ఆ నీళ్లతో పండిన అన్నం నేనూ తిన్నాను, మీ అమ్మా తింది. అయినా ఈ మాట మీకు చెప్పకుండా ఉండలేను.

శ్రీశైలం ఆనకట్ట దగ్గర ఇంకా ఘోరం. 1981లో వందకు పైగా ఊళ్లు, లక్ష దాకా జనం. నీళ్లు వచ్చేస్తున్నాయని ఇళ్లు కూలగొట్టించి మరీ ఖాళీ చేయించారు. ఊరి నడుమ పాతి పూజించే బొడ్రాయిని వదిలేసి రావడం అంటే ఏమిటో పట్నంలో పుట్టిన మీకు చెప్పడం కష్టం. ఇంటికో ఉద్యోగం ఇస్తామన్న జీవో 98 పట్టుకుని ఆ పిల్లలు, ఆ తర్వాత వాళ్ల పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. చక్కగా కట్టారు కూడా.

ఇంకో సంగమేశ్వరం ఉంది, కర్నూలు వైపు, ఏడు నదులు కలిసే చోటంటారు. దాన్ని కదపలేదు. ఏడాదిలో చాలా నెలలు నీళ్ల కిందే ఉంటుంది. వేసవిలో శ్రీశైలం జలాశయం తగ్గితే ముందు శిఖరం, తర్వాత గోడలు బయటపడతాయి. బురద తోడి, కడిగి, పూజ మొదలుపెడతారు. లోపలి లింగం రాయి కాదు, వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెబుతారు. అది ఎవరు పెట్టారో గానీ, ఇన్నేళ్లు నానుతూ, ఎండుతూ చెక్కుచెదరకుండా ఉందంటే ఆ వేపకి దణ్ణం పెట్టాలి.

సముద్రం మింగిన ఊరు కావాలంటే కోరంగి. కాకినాడ పక్కన, గోదావరి పాయ మీద రేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1789 డిసెంబరు తుఫానులో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని తుడిచిపెట్టాయి. మళ్లీ లేచి నిలబడితే 1839 నవంబరులో ఇంకోటి. ఆ తుఫానులో మూడు లక్షలమంది పోయారని నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల అసలు అంతమంది ఉన్నారా అని నా అనుమానం, మీరు మాత్రం పరీక్షలో రాయకండి. నన్నడిగితే రేవుని చంపింది తుఫాను ఒక్కటే కాదు. గోదావరి తెచ్చి పోసిన ఇసుక మేట కూడా. ఓడ లోపలికి రాలేకపోతే రేవుకి పనేముంది? జనం పొట్ట చేత పట్టుకుని బర్మాకి ఓడలెక్కారు. రంగూన్‌లో తెలుగు కూలీలందర్నీ, ఏ ఊరివాళ్లయినా సరే, కొరంగీలనే పిలిచేవారు. అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్లు ఉన్న పేట విశాఖపట్నంలో బర్మా క్యాంపు.

ఇంతకీ మీరిద్దరూ వేసవి సెలవులకి రండి. పరీక్షలు ఏప్రిల్లో అయిపోతాయి కాబట్టి సంగమేశ్వరం బయటపడి ఉండే అవకాశం ఉంది. పేపర్లో జలాశయం నీటిమట్టం నేను చూస్తుంటాను. నిండితే 885 అడుగులు. ఎంత తగ్గితే మనకంత మంచిది. దారిలో ముంపు నిర్వాసితుల కాలనీ ఒకదాంట్లో ఆగుదాం. అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లని, పాత ఊళ్లో మీ ఇల్లు ఎక్కడ, బావి ఎక్కడ, తిరునాళ్ల ఎప్పుడు అని అడగండి. ముందు మొహం తిప్పుకుంటారు, ఆ తర్వాత మిమ్మల్ని భోజనం దాకా కదలనివ్వరు. చిన్నూ, నువ్వు బొమ్మలు బాగా వేస్తావు గదా, వాళ్లు చెబుతుంటే ఊరి పటం గియ్యి. పెద్ద కాగితాలు తెచ్చుకో, నోటుబుక్కు చాలదు. ఒడ్డున కుండపెంకులు కనబడితే చూడండి, ఫోటో తీసుకోండి, జేబులో మాత్రం వేసుకోవద్దు.

టికెట్లు ఇప్పుడే చేయించమని మీ నాన్నతో చెప్పండి. ఏప్రిల్లో రైళ్లలో చోటు దొరకదు.

ఉంటాను,
మీ అమ్మమ్మ